పక్షవాతం వచ్చిన మనిషికి నోట్లో నీళ్లు పోస్తున్నారా? ముందు మింగే పరీక్ష జరిగిందో లేదో అడగండి

అన్నం తింటుండగా ఎవరికైనా పొలమారితే తెలుగిళ్లలో వెంటనే రెండు పనులు జరుగుతాయి. ఒకరు నెత్తి మీద తడతారు, ఇంకొకరు ‘ఎవరో తలుచుకుంటున్నార్లే’ అంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు నాలుగు దగ్గులతో అది సర్దుకుంటుంది. కానీ పక్షవాతం, అంటే బ్రెయిన్ స్ట్రోక్ వచ్చిన మనిషికి పదే పదే పొలమారుతోందంటే అది తలపుల వ్యవహారం కాదు. నీళ్లో, మెతుకో, మజ్జిగో దారి తప్పి ఊపిరితిత్తుల వైపు వెళ్తూ ఉండొచ్చు. కొందరికైతే దగ్గు కూడా రాదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

స్ట్రోక్ వచ్చిన కొత్తలో దాదాపు సగం మందికి మింగడంలో ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది. వైద్యులు దీన్ని డిస్‌ఫేజియా అంటారు. పేషెంట్‌ను వార్డుకు మార్చగానే ‘పొద్దుట్నుంచీ గొంతు ఎండిపోయి ఉంది, కాస్త తడుపుదాం’ అని ఇంటివాళ్లు ప్రేమతో నాలుగు స్పూన్ల నీళ్లు పోస్తారు. కొన్నిసార్లు ఆ నీళ్లే న్యుమోనియాకు దారితీస్తాయి. అందుకే స్ట్రోక్ వైద్యంలో ఒక గట్టి నియమం ఉంది. మింగే శక్తి ఎంత ఉందో చూసే దాకా నోటి ద్వారా నీళ్లు, ఆహారం, మాత్రలు.. ఏవీ ఇవ్వకూడదు. మొదటి స్క్రీనింగ్‌ను శిక్షణ పొందిన నర్సు గానీ డాక్టర్ గానీ చేస్తారు. అందులో తేడా కనిపిస్తే పిలవాల్సింది స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్ట్‌ను. మన దగ్గర అందరూ స్పీచ్ థెరపిస్ట్ అని పిలిచేది వీళ్లనే.

మాటలు నేర్పేవాళ్లకు మింగడంతో పనేంటి?

చాలామందికి వచ్చే మొదటి సందేహం ఇదే. ‘మా నాన్నకు మాట బాగానే వస్తోంది, స్పీచ్ థెరపీ ఎందుకు?’ అని కొందరు రిఫరల్ చీటీని పక్కన పెట్టేస్తారు. నిజానికి మాట్లాడటానికి, మింగడానికి వాడే భాగాలు ఒకటే. పెదవులు, నాలుక, అంగిలి, గొంతు, స్వరపేటిక.. అన్నీ రెండు పనులూ చేస్తాయి. వాటిని నడిపే నరాలు కూడా చాలావరకు అవే. అమెరికాకు చెందిన జెరీ లోగ్‌మన్ అనే స్పీచ్ పాథాలజిస్ట్ 1983లో మింగే సమస్యల పరీక్ష, చికిత్సపై ఓ పుస్తకం రాశారు. ఈ పని స్పీచ్ థెరపిస్టుల వృత్తిలో భాగంగా స్థిరపడటంలో ఆమె పాత్ర పెద్దది.

మింగడం మనకు చాలా తేలిగ్గా అనిపిస్తుంది గానీ లోపల జరిగే వ్యవహారం చిన్నది కాదు. నమిలిన ముద్దను నాలుక వెనక్కి తోస్తుంది. అంగిలి పైకి లేచి ముక్కు దారిని మూసేస్తుంది. కంఠమణి పైకీ ముందుకీ కదులుతుంది. స్వరతంత్రులు దగ్గరకొచ్చి గాలి గొట్టం తలుపు వేస్తాయి, దాని మీద మూతలా ఇంకో పొర వాలుతుంది. శ్వాస ఒక్క క్షణం ఆగుతుంది. అప్పుడు అన్నవాహిక పైభాగం తెరుచుకుని ముద్ద లోపలికి జారుతుంది. గొంతులో జరిగే ఈ భాగమంతా సుమారు ఒక సెకనులో అయిపోతుంది. గాలి గొట్టం ముందు, అన్నవాహిక వెనుక.. రెండూ పక్కపక్కనే. స్ట్రోక్ వల్ల తలుపు అర సెకను ఆలస్యంగా పడినా పల్చని నీళ్లు ముందే లోపలికి జారిపోతాయి. గట్టి ఆహారం కంటే మంచినీళ్లే ఎక్కువ ఇబ్బంది పెట్టడానికి కారణం ఇదే. ఇది విని చాలామంది ఆశ్చర్యపోతారు.

ఈ లక్షణాలు ఉంటే లైట్ తీసుకోవద్దు

తాగగానే దగ్గు, తిన్న తర్వాత గొంతు గురగురలాడుతూ తడిగా వినిపించడం, ఒకే ముద్దను రెండు మూడు సార్లు మింగాల్సి రావడం, ముక్కులోంచి నీళ్లు రావడం, చొంగ కారడం, బుగ్గలో మెతుకులు అలాగే ఉండిపోవడం.. ఇవన్నీ సంకేతాలే. భోజనానికి గంట పట్టడం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, మాటిమాటికీ జ్వరం, ఛాతీలో ఇన్‌ఫెక్షన్ కూడా అంతే. పార్కిన్సన్స్, డిమెన్షియా, నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవాళ్లు, చాలా రోజులు వెంటిలేటర్‌పై ఉండి వచ్చినవాళ్లు కూడా వీటిని గమనించుకోవాలి.

పూర్తిగా గొంతుకు అడ్డం పడి మాట, దగ్గు, ఊపిరి ఏదీ రాకపోతే అది ఎమర్జెన్సీ. అప్పుడు నెత్తి మీద తట్టడం, నీళ్లు తాగించడం పనికిరావు. మనిషిని ముందుకు వంచి రెండు భుజాల మధ్య వీపు మీద అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా కొట్టాలి. రాకపోతే వెనక నుంచి చేతులు చుట్టి, బొడ్డుకు కాస్త పైన 5 సార్లు లోపలికీ పైకీ నొక్కాలి. అడ్డం పోయే దాకా రెండూ మార్చి మార్చి చేస్తూ ఉండాలి. పక్కనున్నవాళ్లు వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఏడాది లోపు పసిపిల్లలకు, గర్భిణులకు పొట్ట మీద నొక్కకూడదు. మనిషి దగ్గగలుగుతుంటే మాత్రం దగ్గనివ్వడమే మంచిది.

థెరపిస్ట్ ఏం చూస్తారు?

ముందు మనిషి మెలకువగా ఉన్నాడా, కూర్చోగలడా అని చూస్తారు. నాలుక చాపమంటారు, బుగ్గలు ఉబ్బించమంటారు, కావాలని దగ్గమంటారు. తర్వాత ఒక టీస్పూన్ నీళ్లు ఇచ్చి, గొంతు మీద వేళ్లు పెట్టి కంఠమణి ఎంత పైకి లేస్తోందో చూస్తారు. మింగాక ‘ఆ..’ అనమని గొంతు మారిందేమో వింటారు. అన్నీ బాగుంటే పరిమాణం పెంచుతారు. కొన్నిచోట్ల 90 మిల్లీలీటర్ల నీటిని ఆపకుండా తాగించే పరీక్ష కూడా చేస్తారు.

అయితే దగ్గే రాని ‘సైలెంట్ ఆస్పిరేషన్’ ఇలా బయట నుంచి చూస్తే దొరకదు. దానికి రెండు పరీక్షలున్నాయి. ఒకటి, బేరియం కలిపిన ఆహారం తినిపిస్తూ తీసే ఎక్స్‌రే వీడియో. రెండోది ఫీస్. ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పంపి, మింగేటప్పుడు గొంతులో ఏం జరుగుతోందో తెర మీద చూస్తారు. 1988లో తొలిసారి వైద్య పత్రికల్లోకి వచ్చిన ఈ పరీక్షను మంచం దగ్గరే చేయొచ్చు. వీడియోలో తేడా ఎక్కడుందో కనిపిస్తే అక్కడికక్కడే తల వంచి, పక్కకు తిప్పి, ఆహారం చిక్కదనం మార్చి ఏది పనిచేస్తుందో తేల్చుకుంటారు.

గడ్డం కిందికి వంచి మింగడం ఒక పద్ధతి. చాలామందికి ఇది గాలి దారిని కాపాడుతుంది, కొందరికి మాత్రం పనిచేయదు. పక్షవాతం పడిన వైపుకు తల తిప్పి మింగితే ఆ వైపు దారి మూసుకుని, ముద్ద బలంగా ఉన్న వైపు నుంచి దిగుతుంది. కుడి ఎడమలు తారుమారైతే పని చెడుతుంది. అందుకే పక్క బెడ్ వాళ్లకు చెప్పింది విని మనవాళ్లతో చేయించడం మంచిది కాదు.

వ్యాయామాలూ ఉంటాయి. దిండు లేకుండా వెల్లకిలా పడుకుని, భుజాలు ఎత్తకుండా తల మాత్రమే లేపి కాలి వేళ్లు చూడటం ఒకటి. మెడ నొప్పి, మెడ ఎముక అరుగుదల ఉన్నవాళ్లకు దీన్ని చెప్పరు. నాలుక కొనను పళ్ల మధ్య పట్టుకుని ఉమ్మి మింగడం మరోటి. ఇది ఖాళీ నోటితోనే చేయాలి, తిండితో అస్సలు చేయకూడదు. స్ట్రోక్ పేషెంట్లలో చాలామందికి మొదటి కొన్ని వారాల్లోనే మింగుడు మెరుగవుతుంది. మిగిలినవాళ్లకు నెలల తరబడి సాధన కావాలి.

చారన్నం ఎందుకు డేంజర్?

తిండి దగ్గరే ఇంట్లో ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. పేషెంట్ కదా అని పల్చటి చారు పోసి అన్నం కలుపుతారు. కానీ అందులో నీళ్లు వేరు, మెతుకులు వేరు. నోరు మెతుకు నమిలేలోపు చారు గొంతులోకి జారిపోతుంది. పాలలో నానీ నానని అటుకులు, పల్చటి సాంబారులో ఇడ్లీ ముక్కలు కూడా అదే బాపతు. మెత్తగా పిసికి, నీళ్లు విడవకుండా కలిపిన పెరుగన్నం లేదా ముద్దపప్పు అన్నం చాలామందికి సులువు. ఐస్‌క్రీమ్ చిక్కగా కనిపిస్తుంది గానీ నోట్లో కరిగి పల్చటి ద్రవమే అవుతుంది. పుచ్చకాయ ముక్క, బత్తాయి తొన కూడా కొరకగానే రసం వదులుతాయి. మరమరాలు, వేరుశెనగ గుళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

చిక్కదనాన్ని కొలవడానికి ఇడ్సీ అనే అంతర్జాతీయ పద్ధతి ఉంది. పల్చటి నీళ్లకు 0, మామూలు భోజనానికి 7, మధ్యలో మెట్లు. ద్రవాలకైతే ఇంట్లోనే చూసుకునే సిరంజి పరీక్ష చెబుతారు. 10 మిల్లీలీటర్ల సిరంజిలో, సూది లేకుండా, కింద వేలు అడ్డం పెట్టి ద్రవం నింపాలి. వేలు తీసి 10 సెకన్లు లెక్కపెట్టి మళ్లీ మూయాలి. 1 మిల్లీలీటర్ కంటే తక్కువ మిగిలితే అది 0. 1 నుంచి 4 మధ్య మిగిలితే ఒకటో మెట్టు, 4 నుంచి 8 అయితే రెండు, 8 దాటితే మూడు. అసలు కారకపోతే నాలుగు. సిరంజి మీద 0 నుంచి 10 గీత వరకు పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి. లేకపోతే లెక్క మారుతుంది.

రాగి జావ, గంజి చిక్కగానే ఉంటాయిగా అనుకోవచ్చు. వేడిగా ఉన్నప్పుడు ఒకలా, చల్లారాక ఇంకోలా ఉంటాయి. తాగించే వేడి దగ్గరే పరీక్షించాలి. పైగా ఉమ్మిలోని ఎంజైమ్ పిండిపదార్థాన్ని పల్చన చేస్తుంది. అదే స్పూన్ నోట్లోకీ గిన్నెలోకీ తిరుగుతుంటే కాసేపటికి గిన్నెలోని జావ కూడా పల్చబడుతుంది. మెడికల్ షాపుల్లో దొరికే గమ్ రకం థిక్‌నర్ పొడులు ఈ విషయంలో నిలకడగా ఉంటాయి గానీ ఖర్చు ఎక్కువ.

చిక్కటి ద్రవాలే సర్వరోగ నివారిణి కూడా కాదు. 500 మందికి పైగా పార్కిన్సన్స్, డిమెన్షియా పేషెంట్లపై అమెరికాలో చేసిన అధ్యయనం 2008లో వెలువడింది. గడ్డం వంచి నీళ్లు తాగినవాళ్లకు, చిక్కటి ద్రవాలు తాగినవాళ్లకు మూడు నెలల్లో న్యుమోనియా విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చిక్కటివి తాగినవాళ్లలో ఒంట్లో నీరు తగ్గిన కేసులు మాత్రం ఎక్కువగా వచ్చాయి. రుచి నచ్చక తాగడమే మానేసే పెద్దవాళ్లు చాలామంది ఉంటారు. రోజుకు ఎంత తాగుతున్నారో రాసి పెట్టుకోవడం అందుకే అవసరం.

తినిపించేవాళ్లు నిలబడకూడదు

మంచం పక్కన నిలబడి తినిపిస్తే పేషెంట్ తల పైకెత్తుతాడు, గాలి గొట్టం దారి తెరుచుకుంటుంది. కుర్చీలో కూర్చుని, కళ్లకు సమానంగా లేదా కాస్త కింద నుంచి స్పూన్ అందించాలి. పేషెంట్‌ను నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక కూడా అరగంట పడుకోబెట్టకూడదు. మనవాళ్లకు గ్లాసు ఎత్తి పట్టి ఎంగిలి కాకుండా గొంతులో పోసుకునే అలవాటు ఉంటుంది. మింగే సమస్య ఉన్నవాళ్లకు అది అన్నిటికంటే చెడ్డ పద్ధతి. తినేటప్పుడు టీవీ, ఫోన్ కూడా ఆపేయాలి. ముద్ద మింగాక పక్షవాతం వైపు బుగ్గలో ఏమైనా మిగిలిందేమో చూడాలి. మాత్రలు నూరి పెరుగులో కలిపే ముందు డాక్టర్‌ను అడగాలి. కొన్ని మాత్రలు నూరితే రోజంతా పనిచేయాల్సిన మందు ఒకేసారి ఒంట్లోకి వెళ్తుంది.

ఎక్కువమంది పట్టించుకోనిది పళ్లు తోమడం. ఎవరికి న్యుమోనియా వస్తోందో వెతికిన 1998 నాటి ఓ అధ్యయనంలో ముందు వరుసలో తేలినవి.. సొంతంగా తినలేకపోవడం, నోటి శుభ్రతకు ఇతరులపై ఆధారపడటం, పుచ్చిన పళ్లు. గొంతులోకి జారేది ఉమ్మే అయినా అందులో సూక్ష్మజీవులు ఎన్ని ఉన్నాయన్నదే తేడా తెస్తుంది. ముక్కుకు ట్యూబ్ ఉన్నవాళ్లకు కూడా రెండు పూటలా నోరు శుభ్రం చేయాల్సిందే. ఆ రైల్స్ ట్యూబ్ చూసి ‘ఇక ఇంతేనా’ అని కంగారు పడక్కర్లేదు. చాలామందికి అది తాత్కాలికమే. ఎక్కువ కాలం అవసరమైతే పొట్టకు నేరుగా వేసే పెగ్ ట్యూబ్ గురించి డాక్టర్లు చెబుతారు. బాగా ముదిరిన డిమెన్షియాలో మాత్రం ట్యూబ్ కంటే ఓపిగ్గా చేత్తో తినిపించడానికే వైద్య మార్గదర్శకాలు మొగ్గు చూపుతాయి.

పసిపిల్లల విషయంలో..

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు చప్పరించడం, మింగడం, ఊపిరి పీల్చడం ఒక లయలో కుదిరేది గర్భం 34 వారాలు నిండే సమయానికి. అప్పటిదాకా ట్యూబ్‌తో గానీ మన ఉగ్గుగిన్నె లాంటి చిన్న గిన్నెతో గానీ పాలు పట్టడం మన దేశంలో నవజాత శిశువుల వార్డుల్లో మామూలే. అంగిలి చీలిన పిల్లలు గట్టిగా చప్పరించలేరు. వాళ్లను నిటారుగా పట్టుకుని ప్రత్యేకమైన సీసాతో పట్టడం తల్లికి నేర్పిస్తారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డను కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గు పోయడం మాత్రం వెంటనే మానేయాలి. తల, నడుము ఆనేలా కూర్చోబెట్టడంతోనే సగం పని అవుతుంది. జిల్లా స్థాయిలో ఆర్‌బీఎస్‌కే కింద నడిచే డీఈఐసీ కేంద్రాల్లో ఇలాంటి పిల్లలను ఉచితంగా చూస్తారు.

పెద్దవాళ్లకైతే న్యూరాలజీ, ఈఎన్‌టీ, క్యాన్సర్ విభాగాలున్న పెద్ద ఆసుపత్రుల్లో అడగాలి. ఈ కోర్సులు నడిపే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. థెరపిస్ట్‌కు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడంలో తప్పులేదు. స్పీచ్ థెరపీ చేసే అందరూ మింగే సమస్యలు చూడరు కాబట్టి ఆ విషయం కూడా ఫోన్‌లోనే కనుక్కోవాలి. వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల చీటీ, గత మూడు రోజుల్లో తిన్నవి తాగినవి రాసుకున్న కాగితం, పేషెంట్ ఇంట్లో అన్నం తింటుండగా పక్క నుంచి గొంతు కనిపించేలా తీసిన రెండు నిమిషాల ఫోన్ వీడియో తీసుకెళ్లాలి. ఆసుపత్రిలో జాగ్రత్తగా మింగే మనిషి ఇంట్లో ఎలా తింటున్నాడో ఆ వీడియోలో తెలిసిపోతుంది.