వాన వెళ్లాక విచ్చే నీలం

ఎత్తైన కొండల మీద పెరిగే మొక్కలకు తొందరెక్కువ. మంచు కరగడమే ఆలస్యం, పూసేస్తాయి. మళ్లీ మంచు పడేలోగా గింజ కట్టి రాల్చుకోవాలి కదా! అందుకే యూరప్‌లో ఈ మొక్కలు పెంచే రాళ్లతోటల్లో సందడంతా ఏప్రిల్, మే, జూన్ నెలలదే. ఆగస్టు వచ్చేసరికి అక్కడ చూడ్డానికి ఎక్కువగా రాళ్లే మిగులుతాయి. సరిగ్గా అప్పుడు ఒక మొక్క మొగ్గ తొడుగుతుంది. గడ్డిపోచల్లాంటి సన్నటి ఆకులతో నేలను కరుచుకుని జానెడు మేర పరుచుకున్న ఆ మొక్క సెప్టెంబరులో పూత మొదలుపెట్టి నవంబరు దాకా పూస్తూనే ఉంటుంది. కొమ్మ చివర ఒక్కటే పువ్వు, రెండంగుళాల పైబడిన పొడవుతో బాకా ఆకారంలో ఆకాశం వైపు నోరు తెరిచి ఉంటుంది. లోపల చిక్కటి నీలం. బయట లేత పసుపుపచ్చ చారలు, వాటి పక్కన ముదురు నీలి గీతలు. దీన్ని జెన్షియానా సైనో-ఆర్నేటా అంటారు. నేపాల్ హిమాలయాల్లో పూసే జెన్షియానా ఆర్నేటాకు దగ్గరి చుట్టం. ఆయుర్వేద దుకాణాల్లో దొరికే చేదు చిరాయతదీ ఈ కుటుంబమే.

దీని పుట్టిల్లు చైనా నైరుతి మూలనున్న యున్నాన్, సిచువాన్ కొండలు. లిజియాంగ్ పట్టణానికి ఎగువన నిలిచిన యూలాంగ్ మంచుకొండ మీదా, దాని చుట్టుపక్కల చిత్తడి పచ్చిక బయళ్లలోనూ కనిపిస్తుంది. ఇది ఆలస్యంగా పూయడానికి కారణం కూడా ఆ నేలలోనే ఉంది. ఆ కొండలకు వాన తెచ్చేది వేసవి రుతుపవనమే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ముసురు, పొగమంచు. ఆ కాలమంతా ఈ మొక్క నీళ్లు తాగి ఒళ్లు చేసుకుంటుంది. వానలు వెనకపట్టి ఆకాశం తేటపడ్డాక పూస్తుంది. దాని పువ్వు ఎండ ఉంటేనే విచ్చుకుంటుంది, మబ్బు కమ్మితే ముడుచుకుంటుంది. ఆల్ప్స్ కొండల జెన్షియన్లు మంచు కరగడాన్ని బట్టి పూస్తే, ఇది వాన వెలిసే వేళను బట్టి పూస్తుంది. ఈ మొక్కను పెంచాలంటే ముందు తెలుసుకోవలసింది ఇదేనని నా నమ్మకం. దాని అవసరాలన్నీ ఈ ఒక్క సంగతి నుంచే పుట్టాయి.

దీన్ని ప్రపంచానికి పరిచయం చేసినవాడిగా చరిత్ర జార్జ్ ఫారెస్ట్ పేరు చెబుతుంది. 1873లో స్కాట్లాండ్‌లోని ఫాల్కర్క్‌లో పుట్టాడు. మందుల దుకాణంలో పని నేర్చుకున్నాడు, ఆస్ట్రేలియా బంగారు గనుల వైపు వెళ్లి తిరిగొచ్చాడు. 1903లో ఎడిన్‌బరో రాయల్ బొటానిక్ గార్డెన్‌లో ఎండు మొక్కల నమూనాలు భద్రపరిచే విభాగంలో చిన్న ఉద్యోగంలో చేరాడు. అప్పుడు ఆ తోట అధిపతి ఐజాక్ బేలీ బాల్ఫోర్. లివర్‌పూల్ పత్తి వ్యాపారి ఆర్థర్ బుల్లీకి చైనా మొక్కలంటే మక్కువ. తన కోసం విత్తనాలు సేకరించే మనిషి కావాలని అడిగితే బాల్ఫోర్ ఫారెస్ట్‌ను చూపించాడు. అలా 1904లో యున్నాన్ బయల్దేరిన ఫారెస్ట్ ఆ ఏడాదే ఈ నీలిపువ్వును చూశాడు.

మరుసటి ఏడు అతని ప్రాణం మీదికొచ్చింది. 1904లో బ్రిటిష్ సైన్యం టిబెట్ రాజధాని లాసాలోకి చొరబడింది. ఇటు చైనా ప్రభుత్వం సరిహద్దు మఠాల మీద ఒత్తిడి పెంచింది. అక్కడి లామాల ఆగ్రహం 1905లో మెకాంగ్ లోయలో భగ్గుమంది. ట్సెకూ అనే చోట ఫ్రెంచి క్రైస్తవ మిషన్‌లో బస చేసిన ఫారెస్ట్ అక్కడి నుంచి పారిపోవలసి వచ్చింది. ఇద్దరు వృద్ధ ఫాదర్లు హతులయ్యారు. ఫారెస్ట్ పరివారంలోనూ దాదాపు అందరూ చనిపోయారు. అతను పగలు పొదల్లో దాక్కుంటూ, రాత్రుళ్లు నడుస్తూ, దొరికిన గోధుమ వెన్నులు నమిలి రోజులు గడిపాడు. దారిలో వెదురు మేకు పాదంలోంచి దూసుకుపోయింది. చివరికి లిసు తెగ పల్లెవాసులు దాచిపెట్టి గట్టెక్కించారు. దాదాపు 2,000 జాతుల నమూనాలు, 80 జాతుల విత్తనాలు, ఆ ఏటి కష్టమంతా బూడిదైంది.

అయినా మళ్లీ వెళ్లాడు. 1910లో రెండోసారి వెళ్లినప్పుడు లిజియాంగ్ కొండల నుంచి ఈ జెన్షియన్ విత్తనాలు బ్రిటన్ చేరాయి, మొలిచాయి. దానికి శాస్త్రీయంగా పేరు పెట్టింది బాల్ఫోరే.

కథ ఇక్కడితో ఆపేస్తే ఒక వీరుడి కథ అవుతుంది. నాకు అది చాలదు. ఫారెస్ట్ 1932 జనవరిలో యున్నాన్‌లోనే కన్నుమూసే దాకా ఏడు యాత్రల్లో 31,000 పైచిలుకు నమూనాలు పోగుచేశాడని రికార్డు. ఒక్క మనిషి రెండు చేతులతో అయ్యే పనేనా అది? యూలాంగ్ కొండ పాదాన ఉన్న ఒక నాషీ తెగ పల్లె నుంచి వచ్చిన సేకర్తలు ఆ కొండల్ని జల్లెడ పట్టారు. వాళ్లకు నాయకుడు జావో చెంగ్‌జాంగ్. వేసవిలో పువ్వు చూసి గుర్తు పెట్టుకుని, గింజ పండే వేళకు సరిగ్గా అదే చోటికి మళ్లీ వెళ్లడం, ఏరడం, ఆరబెట్టడం, పొట్లాలు కట్టడం వాళ్లకే తెలిసిన విద్య. ఫారెస్ట్ దగ్గర లేనప్పుడు కూడా వారాల తరబడి వాళ్లే తిరిగేవారు. మానవశాస్త్రవేత్త ఎరిక్ ముగ్లర్ 2011లో వెలువరించిన పుస్తకం ఈ నాషీ సేకర్తల పాత్రను వివరంగా వెలికితీసింది. మొక్కల పేర్లలో, నమూనాల చీటీల మీద మాత్రం ఉన్నది ఫారెస్ట్ పేరే.

స్థానికుల పనికి పేరు దక్కకపోవడం ఎడిన్‌బరోకు కొత్తేమీ కాదు. ఆ ఊళ్లోనే జాన్ హోప్ దగ్గర వృక్షశాస్త్రం నేర్చుకున్న విలియం రాక్స్‌బరో 1781 నుంచి మన సామర్లకోటలో పనిచేశాడు. గోదావరి మండలంలోని మొక్కలకు స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మలతో 1795 నుంచి లండన్‌లో అచ్చయిన కోరమాండల్ మొక్కల సంపుటాలను ఇవాళ కూడా ప్రపంచం గౌరవిస్తుంది. ఆ కుంచెలు పట్టినవాళ్లు ఎవరో చాలా బొమ్మల మీద లేదు. లిజియాంగ్ నాషీల గురించి చదువుతుంటే సామర్లకోట గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది?

ఈ జెన్షియన్ విత్తనం చేరిన నాటికి ఎడిన్‌బరో తోట కూడా మారుతోంది. అక్కడి పాత రాళ్లతోట 1870ల నాటిది. తోటాధికారి జేమ్స్ మెక్‌నాబ్ దాన్ని వేల చిన్న గళ్లుగా కట్టించాడు. ఒక్కో గడిలో ఒక్కో మొక్క. అది మొక్కల గిడ్డంగి తప్ప కొండవాలు కాదని విమర్శలొచ్చాయి. వాటిలో రాళ్లతోటల రచయిత రెజినాల్డ్ ఫారర్ గొంతు ఘాటైనది. బాల్ఫోర్ 1908 నుంచి దాన్ని తిరగదోడించి, పెద్ద బండల మధ్య లోతైన మట్టి, నీళ్లు దిగే వాలు ఉండేలా కొత్తగా కట్టించాడు. యున్నాన్ మొక్కలకు కావలసింది అచ్చంగా అదే.

ఇక పెంపకం సంగతి. ఈ మొక్కకు మొదటి శత్రువు సున్నం. ఆమ్లగుణమున్న మట్టి లేనిదే బతకదు. సున్నపు నేలలో నాటితే ఆకులు పాలిపోయి క్షీణిస్తుంది. గట్టినీళ్ల ఊళ్లలో పెంచేవాళ్లు కుళాయి నీళ్లు పోయకుండా వాననీళ్లు పట్టి పోస్తారు. రెండోది తేమ. వేసవి అంతా మట్టి తడిగా ఉండాలి, నీళ్లు మాత్రం నిలవకూడదు. బాగా చివికిన ఆకు ఎరువు, ముతక ఇసుక కలిపిన మట్టి దానికి ఇష్టం. చల్లటి స్కాట్లాండ్‌లో పూర్తి ఎండలో పెట్టొచ్చు. ఇంగ్లండ్ దక్షిణాన మధ్యాహ్నపు ఎండ తగలని చోటు మేలు. చలికాలంలో పైభాగం చాలావరకు ఎండిపోయి మొదలు దగ్గర చిన్న ఆకుల గుత్తులు మాత్రం నిలుస్తాయి. చనిపోయిందనుకుని తవ్వి పారేయకుండా అక్కడ గుర్తు పెట్టుకోవాలి. నత్తలు, వేళ్లు కొరికే పెంకుపురుగు పిల్లలు దీన్ని వదలవు.

అన్నిటికంటే ముఖ్యమైన పని మార్చి నెలలోది. పూత ఆలస్యం కాబట్టి తోటల్లో చలి ముంచుకొచ్చేలోగా గింజ పండే వ్యవధి తక్కువ. అందుకే పెంచేవాళ్లు విత్తనం మీద ఆధారపడరు. కొత్త చిగురు కదలగానే మొక్కను మట్టితో సహా లేపి చేతివేళ్లతో విడదీస్తారు. చేమంతి పిలకలు విడదీసి నాటినట్టే ఉంటుంది ఆ పని. తెల్లగా కండపట్టిన తాళ్లలాంటి వేళ్లు, నెత్తిన చిన్న చిగురు: అంతటి ముక్క చాలు. ఒక్క దుబ్బులోంచి డజన్ల కొద్దీ వస్తాయి. జానెడు ఎడంగా కొత్త ఎరువు వేసిన మట్టిలో నాటి నీళ్లు పోస్తే ఆ శరత్తుకే పూస్తాయి. రెండు మూడేళ్లకోసారి ఇలా చెయ్యకపోతే దుబ్బు మధ్యలో బోసిపోయి, పూత తగ్గి, చివరికి మొక్కే పోతుంది.

ఈ మొక్క చరిత్రలో నన్ను కట్టిపడేసేది ఇదే. ఫారెస్ట్ దాన్ని కనిపెట్టింది ఒక్కసారే. అది తోటల్లో వందేళ్లకు పైగా నిలిచిందంటే, ప్రతి రెండు మూడేళ్లకూ ఎవరో ఒకరు మార్చి చలిలో మోకాళ్ల మీద కూర్చుని వేళ్లు విడదీయడం వల్లే. పక్కింటివారికి ఓ పిలక ఇచ్చారు, ఇంకో తోటకు మరోటి పంపారు. ఏ పుస్తకంలోనూ పేరు లేని ఆ తోటమాలుల పని ఆవిష్కరణ కంటే తక్కువదని నేను ఒప్పుకోను.

1914లో ఫారర్, విలియం పర్డమ్‌తో కలిసి గాన్సు కొండలకు వెళ్లి మరో శరత్కాలపు జెన్షియన్ తెచ్చాడు. ఆకాశనీలం రంగు, తెల్లటి గొంతు గల ఆ మొక్కకు బాల్ఫోర్ ఫారర్ పేరే పెట్టాడు. అది సున్నాన్ని కొంత ఓర్చుకుంటుంది. ఆ రెంటినీ కలిపి స్కాట్లాండ్‌లో పుట్టించిన సంకరం జెన్షియానా మెకాలేయి. తర్వాత సంకరాలు చాలా వచ్చాయి. ఎడిన్‌బరో తోట ఉన్న పేట పేరుతో ‘ఇన్వర్‌లీత్’ రకం కూడా ఉంది.

1920ల్లో స్కాట్లాండ్ నైరుతిలోని లోగన్ తోటలో పీట్ ఇటుకలు పేర్చి గట్లు కట్టారు. బురద నేలల్లో వేల ఏళ్లుగా పేరుకున్న నాచు మట్టి అది. ఆమ్లగుణం, తేమ రెండూ ఉన్న ఆ గట్ల మీద హిమాలయ మొక్కలు విరగబూశాయి. ఎన్నో తోటలు ఆ దారి పట్టాయి. కానీ పీట్ తవ్వితే అందులో దాగిన కార్బన్ గాల్లో కలుస్తుందని తేలాక బ్రిటన్‌లో తోటలు దాన్ని వదిలేస్తున్నాయి. చివికిన ఆకులు, కుళ్లబెట్టిన చెట్టు బెరడు వాడుతున్నాయి. ఆకు ఎరువుతో ఈ జెన్షియన్‌కు లోటేమీ లేదు. పుట్టింటి మట్టిలో ఉన్నదీ చివికిన ఆకూ గడ్డే.

హైదరాబాదు మిద్దె మీదా, విజయవాడ పెరట్లోనూ ఇది బతకదు. మన వేసవి దాన్ని వారంలో కాల్చేస్తుంది. ఎడిన్‌బరోలోనో, గ్లాస్గోలోనో, సియాటిల్‌లోనో ఇల్లు కట్టుకున్న తెలుగువాళ్లు మాత్రం తప్పక ప్రయత్నించవచ్చు. మన వైపు ఈ కుటుంబపు అడవిపూలు చూడాలనుంటే నీలగిరుల గడ్డిమైదానాలకు వెళ్లాలి. అక్కడ గోరంత నీలి జెన్షియన్లు పచ్చికలో దాక్కుని పూస్తాయి, వంగి వెతికితేనే కనిపిస్తాయి.

ఇక ఈ మొక్క పుట్టింటి విషయానికొస్తే, పోయిన శతాబ్దం చివరి నుంచి ఎడిన్‌బరో తోటా, కున్‌మింగ్ వృక్షశాస్త్ర సంస్థా చేయి కలిపాయి. యూలాంగ్ కొండ మీదే ఒక పరిశోధన కేంద్రం వెలిసింది. గింజలు స్కాట్లాండుకు మోసుకుపోవడం కాకుండా, మొక్కల్ని పుట్టిన చోటే కాపాడటం ఇప్పుడు అక్కడ పని.