ఆరాధన వెలుగు, కెమెరా వెలుగు: చర్చి క్రతువుల ఛాయాచిత్రణలో మిశ్రమ కాంతి చరిత్ర

ఉపోద్ఘాతం

ఛాయాచిత్రం అన్న మాటలోని 'ఛాయ'కు నీడ, కాంతి, రంగు అనే మూడు అర్థాలూ ఉన్నాయి. చెట్టు ఛాయ అన్నప్పుడు అది నీడ. ముఖచ్ఛాయ అన్నప్పుడు కాంతి. మేనిఛాయ అన్నప్పుడు రంగు. ఫోటోగ్రఫీ అన్న గ్రీకు మూలపు పదానికి వెలుగుతో రాయడం అన్నది ఒక్కటే అర్థం. తెలుగు పదంలో ఒదిగి ఉన్న ఈ మూడు అంశాలూ ఒకేసారి సమస్యగా మారే చోటు చర్చి అంతర్భాగం. గాజు కిటికీల గుండా వచ్చే పగటి వెలుగు, బలిపీఠం మీది కొవ్వొత్తి, పైకప్పు నుంచి వేలాడే బల్బు, గోడకు బిగించిన ట్యూబులైటు అక్కడ ఒకే ముఖం మీద పడతాయి. దీనినే మిశ్రమ కాంతి అంటారు.

మిశ్రమ కాంతిని ఛాయాచిత్రకారుని వృత్తి సమస్యగా మాత్రమే చూడడం పరిపాటి. అయితే ఏ క్రతువు చిత్రంగా మిగిలింది, ఏది మిగలలేదు, మిగిలిన చిత్రంలో ఎవరి ముఖం స్పష్టంగా ఉంది అన్న ప్రశ్నలకు సమాధానం చాలావరకు ఈ కాంతి చరిత్రలోనే ఉంది. క్రైస్తవ సమాజాల చరిత్రకు పాత ఫోటోలను ఆధారాలుగా గ్రహించే పరిశోధకునికి ఈ చరిత్ర తెలియడం అవసరం. ఆ చరిత్రలోని ప్రధాన దశలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మనుషులు లేని మందిరాలు

1839లో డాగెర్ తన పద్ధతిని ప్రకటించిన నాటి నుంచి సుమారు అర్ధశతాబ్దం పాటు ఛాయాచిత్రణ సూర్యుని మీదనే ఆధారపడింది. ఆనాటి ఫలకాలకు కాంతిని గ్రహించే శక్తి తక్కువ. చర్చి లోపల ఒక్క చిత్రం తీయడానికి నిమిషాలు, ఒక్కొక్కప్పుడు అంతకు ఎన్నో రెట్లు సమయం పట్టేది. అంతసేపు కదలకుండా నిలిచేవి స్తంభాలు, తోరణాలు, మెట్లు మాత్రమే. ప్రార్థించే మనిషి మోకరిల్లుతాడు, లేస్తాడు, పాడతాడు. కనుక ఫలకం మీద అతడు మసకగానైనా మిగలడు. దానికి తోడు చీకటి గోడలో వెలిగే కిటికీ చుట్టూ కాంతి వ్యాపించి చట్రాన్ని కూడా మింగివేసేది. ఫలకం వెనుక నల్లని పూత పూయడం దీనికి విరుగుడుగా వచ్చింది.

ఆంగ్ల ఛాయాచిత్రకారుడు ఫ్రెడరిక్ ఎవాన్స్ ఈ పరిమితినే కళగా మలిచాడు. వెల్స్ కెథడ్రల్ మెట్లను అలల సముద్రంలా చూపిన అతని 1903 నాటి చిత్రం ప్రసిద్ధం. కిటికీ నుంచి వెలుగు తగిన కోణంలో పడే వేళ కోసం అతడు ఓపికగా వేచి ఉండేవాడు. అయితే ఆ చిత్రాలలో మందిరం ఉంది గాని సంఘం లేదు. ఈ కాలంలో వివాహం, బాప్తిస్మం, అభిషేకం వంటి సందర్భాల చిత్రాలు ఎక్కువగా చర్చి మెట్ల మీద, ఆరుబయట ఎండలో వరుసగా నిలబెట్టి తీసినవే. ఆ వరుసల బిగువును చూసి ఆనాటి మనుషుల స్వభావాన్ని నిర్ణయించబోవడం పొరపాటు. అది చాలావరకు కాంతి పెట్టిన నిబంధన.

మెరుపు పొడి, మెరుపు దీపం

1887లో జర్మనీలో అడాల్ఫ్ మీతే, యోహానెస్ గేడికే మెగ్నీషియం పొడితో పొటాషియం క్లోరేటు, ఆంటిమొనీ సల్ఫైడు కలిపి మెరుపు పొడిని రూపొందించారు. చీకటి గదిలోనూ క్షణంలో చిత్రం తీయడం అప్పుడు సాధ్యమైంది. కాని భగ్గున లేచే మంట, చప్పుడు, తెల్లని పొగ ఆరాధన సాగుతుండగా అనుమతించదగినవి కావు. 1929లో జర్మనీలోనే గాజు బుడ్డిలో లోహపు రేకును మండించే ఫ్లాష్ బల్బు వచ్చింది. పొగ పోయింది గాని ప్రతి చిత్రానికి ఒక బల్బు ఖర్చయ్యేది. 1930ల తొలినాళ్లలో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ పరిశోధనలు మళ్లీ మళ్లీ వెలిగే ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌కు దారి వేశాయి.

ఫ్లాష్ మిశ్రమ కాంతి సమస్యను పరిష్కరించలేదు, దానిని చెరిపివేసింది. తన వెలుగు ఒక్కటే కనబడేటట్లు తక్కిన వెలుగులన్నింటినీ అణచివేసింది. పైగా కాంతి తీవ్రత దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 3 మీటర్ల దూరంలోని వధువు మీద పడే వెలుగులో నాలుగో వంతు మాత్రమే 6 మీటర్ల దూరంలోని గురువుకు చేరుతుంది. 12 మీటర్ల దూరంలోని బలిపీఠానికి చేరేది పదహారో వంతు. అందువల్లనే ఆ కాలపు చిత్రాలలో ముందున్న ముఖాలు సున్నం కొట్టినట్లు తెల్లగా, వెనుకనున్న మందిరం గుహలా నల్లగా కనబడతాయి. వెలుగుతున్న కొవ్వొత్తి కూడా ఆరిపోయినట్లే ఉంటుంది.

ఆరాధనలో వెలుగు అలంకారం కాదు, అర్థం. ఈస్టర్ జాగరణ ఇందుకు బలమైన ఉదాహరణ. శతాబ్దాలుగా శనివారం ఉదయానికి జరిగిపోయిన ఈ క్రతువును పన్నెండవ పయస్ పోపు 1951లో ప్రయోగాత్మకంగా రాత్రికి మళ్లించాడు. 1955 నాటి సంస్కరణ దానిని స్థిరపరచింది. చీకటి మందిరంలోకి ఒకే ఒక పాస్కా కొవ్వొత్తి ప్రవేశిస్తుంది. ఆ జ్వాల నుంచి ఒకరి వత్తి మరొకరు వెలిగించుకోగా చీకటి క్రమంగా తొలగుతుంది. ఈ ఘట్టంలో ఒక్క ఫ్లాష్ మెరిస్తే క్రతువు చెప్పదలచిన మాట మధ్యలోనే తెగిపోతుంది.

చర్చి వ్యవస్థ దీనికి స్పందించింది. 1953 జూన్ 2న వెస్ట్‌మినిస్టర్ ఆబీలో జరిగిన రెండవ ఎలిజబెత్ పట్టాభిషేకాన్ని టెలివిజన్ ప్రసారం చేసింది. కాని తైలాభిషేక ఘట్టాన్ని పందిరి కింద మరుగుపరచి కెమెరాకు దూరంగా ఉంచారు. రెండవ వాటికన్ మహాసభ అనంతరం 1967 మే 25న వెలువడిన 'యూకరిస్టికుమ్ మిస్తేరియుమ్' అనే రోమను ఆదేశపత్రం ఛాయాచిత్రణను నేరుగా ప్రస్తావించింది. ఫోటోలు తీయడం వల్ల ఆరాధనకు, ముఖ్యంగా దివ్యబలిపూజకు భంగం కలగరాదనీ, తగిన కారణం ఉన్నప్పుడు కూడా అత్యంత సంయమనం పాటించాలనీ, స్థానిక అధికారి నియమాలకు లోబడాలనీ దాని సారాంశం. విశ్వాస విషయకమైన పత్రంలో కెమెరాకు ప్రత్యేకంగా ఒక పేరా కేటాయించవలసి వచ్చిందంటే అప్పటికే ఈ ఘర్షణ ఎంత విస్తరించిందో గ్రహించవచ్చు.

రంగు ఫిల్ము: ఒకే వెలుగు అన్న ఊహ

నలుపు తెలుపు ఫిల్ముకు కాంతి ఎంత ఉందన్నదే ప్రధానం. దాని రంగు ఏమిటన్నది అంతగా పట్టదు. 1954లో రోల్ ఫిల్ముగా వచ్చిన కొడాక్ ట్రై-ఎక్స్ వంటి చురుకైన ఫిల్ములతో ఫ్లాష్ లేకుండానే ఆరాధనను చిత్రించడం చాలావరకు వీలైంది. రంగు ఫిల్ము ఈ సౌలభ్యాన్ని తలకిందులు చేసింది.

కాంతి రంగును కెల్విన్‌లలో కొలుస్తారు. కొవ్వొత్తి వెలుగు సుమారు 1900, ఇంటి బల్బు సుమారు 2800, మధ్యాహ్నపు పగటి వెలుగు సుమారు 5500. నీడపట్టున నీలాకాశం నుంచి వచ్చే వెలుగు ఇంకా ఎక్కువ. మనిషి కన్ను ఈ తేడాలను చాలావరకు సర్దుకుంటుంది. దీపం దగ్గర చూసినా కిటికీ దగ్గర చూసినా తెల్లబట్టను తెల్లగానే గ్రహిస్తుంది. ఫిల్ముకు ఆ సర్దుబాటు లేదు. 1935లో వచ్చిన కొడాక్రోమ్ మొదలుకొని ప్రతి రంగు ఫిల్మునూ ఏదో ఒక వెలుగుకు సరిపడేటట్లు తయారుచేశారు: పగటి వెలుగుకు ఒకటి, 3200 కెల్విన్ దీపాలకు మరొకటి. పగటి ఫిల్ములో బల్బు నారింజ రంగుకు తిరుగుతుంది. దీపాల ఫిల్ములో కిటికీ నీలమవుతుంది. వెలుగు ఒకే రకమైతే కటకం ముందు వడపోత గాజు పెట్టి సరిచేయవచ్చు. రెండు మూడు వెలుగులు కలిసినప్పుడు ఒకదానిని సరిచేస్తే మరొకటి చెడుతుంది.

1938లో వ్యాపారపరంగా విడుదలైన ఫ్లోరసెంట్ దీపం ఈ చిక్కును రెట్టింపు చేసింది. దాని కాంతి అన్ని రంగులలోనూ సమంగా ఉండదు. పాదరసం వల్ల 546 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చ పాలు పొడుచుకు వస్తుంది. కంటికి తెల్లగా తోచే ట్యూబులైటు ఫిల్ము మీద ముఖాలకు పచ్చదనం పూస్తుంది. 1989లో ఫ్యూజీ సంస్థ విడుదల చేసిన రియాలా ఫిల్ములో నాలుగో రంగుపొరను చేర్చడానికి ఈ ఫ్లోరసెంట్ పచ్చదనమే ముఖ్య కారణాలలో ఒకటి.

ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటుంది. ఇతర భవనాలలో కొత్త దీపం వచ్చినప్పుడు పాతది తొలగిపోతుంది. చర్చిలో అలా జరగదు. విద్యుత్తు వచ్చినా కొవ్వొత్తి ఉంటుంది, ఎందుకంటే అది ఆరాధనలో భాగం. ట్యూబులైటు వచ్చినా రంగుటద్దాల కిటికీ ఉంటుంది, ఎందుకంటే అది బైబిలు కథ చెబుతుంది. చర్చిలోని మిశ్రమ కాంతి అంటే ఒకదానిపై ఒకటి పేరుకున్న అనేక కాలాల వెలుగు.

మెదక్ మహాదేవాలయం: ఒక ఉదాహరణ

చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో నిర్మితమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన మెదక్ మహాదేవాలయం ఈ పొరలకు మంచి తెలుగు నిదర్శనం. కరవు కాలంలో పేదలకు పని, అన్నం కల్పించిన నిర్మాణంగా దీనికి స్థానిక స్మృతిలో ప్రత్యేక స్థానం ఉంది. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం దృశ్యాలున్న మూడు రంగుటద్దాల కిటికీలు దీని ప్రధానాకర్షణ. ఈ కిటికీలు బయటి వెలుగుతోనే సజీవమవుతాయి. రాత్రి లోపల ఎన్ని దీపాలు వెలిగించినా అవి నల్లని గాజు పలకలే.

ఇక్కడ క్రిస్మస్ తొలి ఆరాధన తెల్లవారుజామున మొదలవుతుంది. అప్పుడు మందిరంలో ఉన్నది విద్యుద్దీపాల వెలుగు మాత్రమే. ఆరాధన ముగిసి జనం కదిలే వేళకు బయట తెల్లవారి, మొదట నీలి వెలుగు, తరువాత ఎండ కిటికీలలోకి వస్తాయి. దీపాలకు అమర్చిన కెమెరాకు ఆ తొలి వెలుగు గాఢనీలంగా కనబడుతుంది. ఉదయానికి అమర్చితే దీపాల కింది జనం పసుపు ముద్దగా మారతారు. తెల్లవారడం క్రీస్తు జననానికి ప్రతీకగా భావించే ఆరాధనలో ఈ రంగుల మార్పును సమం చేయడమంటే ఆ ప్రతీకను తొలగించడమే.

తెల్లచీర, చామనచాయ

తెలుగు క్రైస్తవ వివాహాలలో వధువు సాధారణంగా తెల్లచీర కడుతుంది. పలు సంఘాలలో గురువు అంగీ కూడా తెలుపే. మిశ్రమ కాంతికి తెలుపే సాక్షి. చీర కుచ్చిళ్లలో కిటికీ వైపు నీలం, కొవ్వొత్తి వైపు పసుపు, ట్యూబులైటు వైపు పచ్చ విడివిడిగా కనబడతాయి. అంతేకాదు, కెమెరాలోని కాంతిమాపకం తన ముందున్న దేనినైనా సుమారు 18 శాతం కాంతిని ప్రతిఫలించే మధ్యస్థ బూడిదరంగుగా భావిస్తుంది. ఎదురుగా తెల్లచీర నిండి ఉంటే వెలుగు ఎక్కువైందని తలచి చిత్రాన్ని తగ్గిస్తుంది. చీర బూడిదవుతుంది, దానిపైనున్న చామనచాయ ముఖం నల్లబడుతుంది.

ఇది యంత్రపు అజ్ఞానం మాత్రమే కాదు. 20వ శతాబ్ది మధ్యభాగం నుంచి రంగు ముద్రణశాలలు సరైన వర్ణానికి ప్రమాణంగా వాడిన 'షర్లీ కార్డు' మీద ఉన్నది తెల్లజాతి స్త్రీ చిత్రం. ఆమె చర్మం సరిగా వస్తే రంగులన్నీ సరిగా వచ్చినట్లే. ముదురు గోధుమ ఛాయలను స్పష్టంగా చూపవలసిన అవసరాన్ని కంపెనీ గుర్తించడంలో చాక్లెట్లు, కొయ్య సామాను ప్రకటనలు తీయించుకొనేవారి ఫిర్యాదుల పాత్ర కూడా ఉందని కెనడా పరిశోధకురాలు లోర్నా రోత్ 2009లో వివరించింది. మనుషుల ముఖాల కంటే చాక్లెట్ రంగు ముందుగా వినిపించిన చరిత్ర ఇది.

భారతదేశంలో 1960లో ఊటీ కేంద్రంగా ఏర్పడిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' నలుపు తెలుపు ఫిల్ము చాలాకాలం అందుబాటులో ఉండడం వల్ల రంగుల చిక్కు కొంత వాయిదా పడింది. రంగు ఆల్బములు వచ్చాక మాత్రం ముఖానికి సరిపడా వెలుగు ఇస్తే చీర అంచులు మాయమవడం, చీరను కాపాడితే ముఖం చీకటవడం అనే ద్వంద్వం తప్పలేదు. ముఖాలను పనిగట్టుకొని తెల్లబరచిన పెండ్లి చిత్రాలను ఈ ద్వంద్వంతో కలిపి చదవాలి. అక్కడ సాంకేతిక పరిమితి, మేనిఛాయ పట్ల సమాజపు మోజు ఒకదానికొకటి తోడైనాయి.

డిజిటల్ దశ

1976లో బ్రైస్ బేయర్ పేరిట పేటెంటైన రంగు వడపోతల అమరిక నేటి డిజిటల్ కెమెరాలలో అధిక భాగానికి పునాది. తెలుపు ఏది అన్న నిర్ణయం ఇప్పుడు ఫిల్ము కర్మాగారం నుంచి ఛాయాచిత్రకారుని చేతికి వచ్చింది. రా ఫైలులో ఆ నిర్ణయాన్ని చిత్రం తీసిన తరువాత కూడా మార్చవచ్చు. ఫ్లాష్ ముందు నారింజ రంగు పలక తగిలించి దానిని దీపాల వెలుగుతో కలిపివేయడం, ముఖాన్ని ఒక రకంగా, కిటికీని మరొక రకంగా సరిచేయడం సాధ్యమే. అయినా చిక్కులు తీరలేదు. 50 హెర్ట్జ్ విద్యుత్తుపై నడిచే దీపాలు పలు సందర్భాలలో సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టరు వేగం మరీ ఎక్కువైతే చిత్రంపై చారలు పడతాయి. సాధనం మారినా ఏ వెలుగును నిజమైనదిగా గ్రహించాలన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి: పాత సేకరణలలో ప్రభుభోజన సంస్కారం, జాగరణ వంటి ఘట్టాల చిత్రాలు లేకపోవడాన్ని ఆ క్రతువులకు ప్రాధాన్యం లేకపోవడంగా భావించరాదు; వెలుగు చాలకపోవడం, అనుమతి లేకపోవడం రెండూ దానికి కారణాలు కావచ్చు. రెండు: చిత్రంలోని పచ్చదనం, పసుపు, నీలం కేవలం లోపాలు కావు, అవి ఆ మందిరంలో ఏ దీపాలు ఉండేవో, ఆరాధన ఏ వేళ జరిగిందో తెలిపే సాక్ష్యాలు. పాత చిత్రాలను డిజిటలీకరించేటప్పుడు రంగులను సవరించిన ప్రతితోపాటు సవరించని ప్రతిని కూడా భద్రపరచడం అందుకే అవసరం. మూడు: చీకటిలో కలిసిపోయిన ముఖం ఆ మనిషి అప్రధానతకు గుర్తు కాదు. ఆ ముఖాన్ని ప్రమాణంగా భావించని ఫిల్ముకు, ముద్రణకు అది గుర్తు. ఛాయ అన్న పదంలోని నీడ, కాంతి, రంగు అనే మూడు అర్థాలనూ కలిపి చదివినప్పుడే ఈ చిత్రాలు చరిత్రకు పూర్తి ఆధారాలవుతాయి.