అన్నూరు నుంచి నెహ్రూ స్టేడియానికి: కోయంబత్తూరు ఆటస్థలాలు, మన జట్టు

అన్నూరు కోయంబత్తూరు జిల్లాలోని చిన్న పట్టణం. కోయంబత్తూరు నుంచి సత్యమంగలం వెళ్ళే దారిలో, నగరానికి ఈశాన్యంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. అవినాశి నుంచి మేట్టుపాళయం వెళ్ళే దారి కూడా ఇక్కడే కలుస్తుంది. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో కమ్మ, బలిజ, దేవాంగ, అరుంధతీయ కుటుంబాలు ఎన్నో ఇళ్ళలో ఇప్పటికీ తెలుగే మాట్లాడతాయి. విజయనగర రాజుల, మదురై నాయకుల కాలంలో వచ్చి స్థిరపడ్డవారి వారసులు వీరిలో ఎందరో ఉన్నారు.

మన పత్రికల్లో మన గుడులు, మన పండుగలు, మన మిల్లుల గురించి చాలా రాసుకున్నాం. ఆటస్థలాల గురించి రాసుకున్నది తక్కువ. కానీ మన పిల్లల్ని అడిగితే వాళ్ళు ముందు చెప్పేది ఆట గురించే. అందుకే కోయంబత్తూరులో చూడదగ్గ ఆటస్థలాల వివరాలు, ఒకప్పుడు ఈ నగరాన్ని ఊపేసిన ఫుట్‌బాల్ జట్టు కథ, ఇప్పుడు మనం చేయగలిగిన పని ఇక్కడ చెబుతున్నాం.

దారి

అన్నూరులో బస్సెక్కితే కోవిల్‌పాళయం, శరవణంపట్టి, గణపతి మీదుగా గాంధీపురం చేరతాం. అక్కడి నుంచి నెహ్రూ స్టేడియం దగ్గరే. వ.ఉ.సి. పార్కు అని చెబితే ఏ ఆటో అయినా తీసుకెళ్తుంది. పిల్లలు వెంట ఉంటే సాయంత్రం ఆటకు మధ్యాహ్నమే బయలుదేరడం మేలు. శరవణంపట్టి, గణపతి దగ్గర బండ్లు ఆగిపోయి మొదటి గోలు తప్పిపోయిన అనుభవం మాకుంది. తిరిగి వచ్చేటప్పుడు సత్యమంగలం బస్సు ఎక్కినా అన్నూరులో దిగవచ్చు.

నెహ్రూ స్టేడియం

దీని పూర్తి పేరు జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం. నగరం నడిబొడ్డున ఉంది. మధ్యలో ఫుట్‌బాల్ మైదానం, దాని చుట్టూ పరుగు పందేలకు సింథటిక్ ట్రాక్, ఆ వెనుక మెట్ల వరుసలు. ట్రాక్ ఉన్నందువల్ల ఆట కాస్త దూరంగా కనబడుతుంది. గోలు స్తంభాల వెనుక కంటే నడిమి గీతకు ఎదురుగా, పైమెట్ల మీద కూర్చుంటే ఆట మొత్తం కళ్ళ ముందు ఉంటుంది. ఎండ పడమటి నుంచి కొడుతుంది కాబట్టి టోపీ, నీళ్ళ సీసా మరిచిపోవద్దు.

ఆటలు లేని రోజుల్లో ఇది పరుగెత్తేవాళ్ళకు సాధన స్థలం. జిల్లా స్థాయి పరుగు పందేలకు మన ఊళ్ళ బడిపిల్లలు వచ్చేదీ ఇక్కడికే.

2019 మార్చి 9

ఈ మైదానం గురించి చెప్పాలంటే చెన్నై సిటీ ఎఫ్.సి. గురించి చెప్పాలి. ఇది 1946లో మద్రాసులో నుంగంబాక్కం పేరుతో పుట్టిన పాత క్లబ్బు. 2017లో ఐ-లీగ్‌లో అడుగుపెట్టినప్పుడు తన సొంత ఆటలకు కోయంబత్తూరు నెహ్రూ స్టేడియాన్ని ఎంచుకుంది. పేరులో చెన్నై ఉన్నా ఆడింది మన దగ్గర. మొదటి రెండు సీజన్లలో పట్టిక అడుగు భాగంలోనే ఉండిపోయింది. అప్పట్లో మెట్ల మీద ఖాళీలే ఎక్కువ.

2018–19లో అంతా మారింది. సింగపూరుకు చెందిన కోచ్ అక్బర్ నవాస్ బంతిని నేల మీదే ఉంచి, చిన్న చిన్న పాసులతో ముందుకు నడిపే ఆట నేర్పారు. పెడ్రో మాంజీ ఆ సీజన్‌లో 21 గోలులు కొట్టాడు. నెస్టర్ గోర్డిల్లో, సాండ్రో రోడ్రిగెజ్ నడిమిని నడిపారు. ఎడ్విన్ వాన్స్‌పాల్, అలెగ్జాండర్ రొమారియో జేసురాజ్ లాంటి తమిళనాడు కుర్రాళ్ళు వాళ్ళతో సమానంగా ఆడారు.

సీజన్ చివరి రోజు 2019 మార్చి 9, శనివారం. చెన్నై సిటీకి 40 పాయింట్లు, కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌కు 39. ఇక్కడ మినర్వా పంజాబ్‌తో ఆట, అక్కడ కోళిక్కోడ్‌లో ఈస్ట్ బెంగాల్‌కు గోకులం కేరళతో ఆట. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే మనకు డ్రా చాలదు. ఆట మొదలైన కొద్ది నిమిషాలకే మినర్వా గోలు వేసింది. సగం ఆట ముగిసే సరికి మనం ఒక గోలు వెనుకబడి ఉన్నాం. విరామంలో మెట్ల మీద అందరి తలలూ ఫోన్ల మీదికి వంగాయి, కోళిక్కోడ్‌లో ఏం జరుగుతోందోనని.

రెండో సగంలో మాంజీ పెనాల్టీతో సమం చేశాడు. తరువాత రక్షణ వరుసలో ఆడే గౌరవ్ బోరా ఒకటి, ఆట చివర్లో ఇంకొకటి వేశాడు. 3–1. కోళిక్కోడ్‌లో ఈస్ట్ బెంగాల్ కూడా 2–1తో గెలిచింది. అంటే ఆ గోలులు పడకపోతే కప్పు కోల్‌కతాకు పోయేదే. 43 పాయింట్లకు 42. ఒక తమిళనాడు క్లబ్బు ఐ-లీగ్ గెలవడం అదే మొదటిసారి.

ఆ రోజు మాకు గుర్తున్న సంగతి ఇంకొకటి ఉంది. ఆట పొడవునా కేకలన్నీ తమిళంలోనే. మేమూ తమిళంలోనే అరిచాం. చివరి గోలు పడ్డప్పుడు మాత్రం మా వెనుక వరుసలో ఒక పెద్దాయన "అయ్యో దేవుడా, కొట్టేసినారు!" అన్నారు. తిరిగి చూసి "మీరూ మనవాళ్ళేనా? ఏ ఊరండి?" అని అడిగాం. ఆ వరుసలోనే ఇంకో రెండు కుటుంబాలు మావైపు తిరిగాయి. రెండు గంటలు పక్కపక్కనే కూర్చున్నా ఆ మాట వినేదాకా ఎవరికి ఎవరో తెలియలేదు.

జట్టు ఎటు పోయింది?

అదే ఏడాది స్విట్జర్లాండుకు చెందిన ఎఫ్.సి. బాసెల్ ఈ క్లబ్బులో 26 శాతం వాటా తీసుకుంది. ఆసియా స్థాయిలో ఎ.ఎఫ్.సి. కప్పు ఆడే అర్హత కూడా వచ్చింది. ఇక తిరుగులేదనుకున్నాం. 2020 మార్చిలో కరోనా వచ్చి ఆటలు ఆగిపోయాయి. 2021లో జరిగిన ఐ-లీగ్ అంతా పశ్చిమ బెంగాల్‌లో, ఖాళీ మెట్ల ముందు నడిచింది. చెన్నై సిటీకి అదే చివరి ఐ-లీగ్ సీజన్. కప్పు గెలిచిన రెండేళ్ళకే నెహ్రూ స్టేడియానికి సొంత జట్టు లేకుండా పోయింది.

ఇది మన ఒక్క ఊరి కథ కాదు. ఒకప్పుడు ఫుట్‌బాల్ అంటే హైదరాబాదే. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. 2019లో పుణె క్లబ్బు స్థానంలో వచ్చిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2025లో ఆ క్లబ్బు కూడా ఢిల్లీకి తరలిపోయింది. డబ్బు పెట్టేవారు మారితే జట్టు ఊరు మారుతుంది. ఊళ్ళో మిగిలేది మైదానం, ఆడే పిల్లలు, చూసే జనం.

చూడదగ్గ మరికొన్ని చోట్లు

పీళమేడు: పి.ఎస్. గోవిందస్వామి నాయుడు గారి నలుగురు కొడుకులు ఆస్తిని ఐదు భాగాలు చేసి, ఐదో భాగాన్ని ధర్మానికి పెట్టి 1926లో పి.ఎస్.జి. అండ్ సన్స్ ధర్మసంస్థను స్థాపించిన ఊరు. ఇక్కడి పి.ఎస్.జి. బాస్కెట్‌బాల్ పోటీలకు దేశం నలుమూలల నుంచి జట్లు వస్తాయి. రాత్రి దీపాల వెలుగులో, ఆటగాళ్ళకు అతి దగ్గరగా కూర్చుని చూడవచ్చు. పిల్లలకు మొదటిసారి ఆట చూపించాలంటే ఇది మంచి చోటు.

ఎస్.ఎన్.ఆర్. కళాశాల మైదానం: తమిళనాడు ప్రీమియర్ లీగ్ క్రికెట్ ఆటలు ఇక్కడ జరిగాయి. 2022 ఫైనల్ వాన వల్ల ఆగిపోగా, కోవై కింగ్స్, చేపాక్ సూపర్ గిల్లీస్ కప్పు పంచుకున్నాయి. 2023లో కోవై కింగ్స్ ఒంటరిగానే గెలిచింది.

చెట్టిపాళయం: నగరానికి దక్షిణాన కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. చుట్టు సుమారు 2.1 కిలోమీటర్లు. లక్ష్మీ మిల్లుల కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ తక్కువ ఖర్చుతో పందెపు కార్లు తయారుచేసి ఎందరికో దారి చూపారు. 1995లో చిన్న విమానం కూలి మరణించారు. ఆయన పేరే దీనికి పెట్టారు. 2005లో ఫార్ములా వన్‌లో పోటీపడిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ పెరిగింది కూడా కోయంబత్తూరులోనే.

ఇప్పుడు ఎవరి పక్షాన నిలబడాలి?

పెద్ద జట్టు లేదు కాబట్టి ఆట లేదనుకోవద్దు. జిల్లా లీగ్ ఆటలు, కళాశాలల, బడుల పోటీలు నడుస్తూనే ఉన్నాయి. మేము వెళ్ళిన జిల్లా ఆటలకు టికెట్టు అడిగినవారు లేరు. చూసేవాళ్ళు కూడా పాతిక ముప్పై మందే, వారిలో సగం ఆటగాళ్ళ అమ్మానాన్నలు. అక్కడ మీరు కొట్టే చప్పట్లు ఆడే పిల్లవాడికి వినబడతాయి.

మనం చేయగలిగినవి చిన్న పనులే. నెలకు ఒక్క ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక ఆటకు వెళ్ళడం. మన ఊరి కుర్రాడు ఏదో ఒక జట్టులో ఆడుతుంటే, గెలిచినా ఓడినా ఆ జట్టే మన జట్టు అనుకోవడం. సంఘాల వార్షికోత్సవాల్లో చదువు బహుమతులతో పాటు ఒక జత ఫుట్‌బాల్ బూట్లకు డబ్బు కేటాయించడం. అమ్మాయిల జట్లను మరచిపోకపోవడం.

ఇంకొక మాట. 2006 తమిళ అభ్యసన చట్టం తరువాత మన పిల్లల్లో తెలుగు రాయడం, చదవడం వచ్చినవారు తగ్గిపోయారు. నోటిమాట మాత్రం మిగిలింది. అది ఇంటి నాలుగు గోడల మధ్యే ఉండిపోతే అదీ పోతుంది. తమిళ స్నేహితులతో కలిసి తమిళంలో కేకలు వేద్దాం, ఈ నగరం వాళ్ళదీ మనదీ. పక్కన కూర్చున్న మన పిల్లలకు మాత్రం ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలుగులో చెబుదాం. వెనుక వరుసలో ఎవరో విని "మీరూ మనవాళ్ళేనా?" అని అడగవచ్చు.