ముందు బావి, తర్వాతే తోట

2013 వానాకాలంలో గోల్కొండ పక్కనున్న కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఒక ప్రమాదం జరిగింది. ఆవరణలోకెల్లా పెద్ద మెట్లబావి అయిన బడీ బావిలి గోడ ఒక పక్క కూలి రాళ్లు నీళ్లలో పడ్డాయి. రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి ఆగాఖాన్ ట్రస్టు ఇక్కడ పునరుద్ధరణకు పూనుకున్న ఏడాదే అది. సమాధులకు మెరుగులు దిద్దితే చాలదని, నీటి సంగతీ చూడాలని ఆ గోడే చెప్పినట్టయింది.

ఎందుకంటే ఈ ఆవరణ మొదటినుంచీ తోటే. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా సమాధి ఇక్కడే ఉంది. ఆ కాలపు తోటలకు ప్రాణం బావులే. ఎద్దులు ఏటవాలు దారిలో దిగుతూ మోట లాగితే నీళ్లు ఒడ్డు మీది తొట్టిలో పడేవి; అక్కడినుంచి వాలు చూసుకుని కాలువల్లో చెట్ల మొదళ్లకు పారేవి.

1687లో ఔరంగజేబు సేన ఎనిమిది నెలలు గోల్కొండ కోటను ముట్టడించింది. సమాధుల ఆవరణ దండు విడిదిగా మారింది. కుతుబ్‌షాహీల రాజ్యం పోయాక తోటను చూసేవారు లేరు. పంతొమ్మిదో శతాబ్దంలో నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ మరమ్మతులు చేయించి, మొక్కలు నాటించి, చుట్టూ ప్రహరీ కట్టించాడు.

ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతుల్లో సిమెంటు వచ్చి చేరింది. అది లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు, పాత గోడను లోలోపలే తినేస్తుంది. కొత్త పనిలో మేస్త్రీలు దాన్ని జాగ్రత్తగా చెక్కి తీసి, మళ్లీ డంగు సున్నం పూశారు. బావుల్లో పూడిక తీశారు. బడీ బావిలి గోడను తిరిగి లేపారు. వాన నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లే తోటకు ఆధారమయ్యాయి. గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం దక్కింది.

2024 జూలైలో ఈ 106 ఎకరాల ఉద్యానం లాంఛనంగా ప్రారంభమైంది. చుట్టూ అపార్టుమెంట్లు లేస్తున్న నగరంలో పిల్లలు పరిగెత్తడానికి, పెద్దలు చెట్టు నీడన కూర్చోడానికి ఇంత ఖాళీ నేల దొరకడం మాటలు కాదు.

సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలోనూ ఇదే వరస. చెత్తతో పూడిపోయిన పాత మెట్లబావిని తవ్వి తీసి, 2022 డిసెంబరులో బస్తీ నడుమ జనానికి తెరిచారు.