పటాన్‌చెరు చలిగదిలో జొన్నల జాతకం

పందెపు గుర్రాలకు వంశావళి ఉంటుంది. ఇంగ్లండులో 1791 నుంచి అచ్చవుతున్న రిజిస్టరులో ఏ పిల్ల ఏ గుర్రానికి పుట్టిందో రాసి ఉంటుంది. ఇవాళ్టి థరోబ్రెడ్లన్నిటి తండ్రి వరస వెనక్కి వెళ్తే మూడే మగగుర్రాల దగ్గర ఆగుతుంది. జొన్నకూ కందికీ అలాంటి రిజిస్టరు లేదు. ఏ జొన్న ఏ జొన్నకు చుట్టమో గింజనే అడిగి తెలుసుకోవాలి. అలా అడిగే పని ప్రపంచంలోనే పెద్ద ఎత్తున జరిగే చోట్లలో ఒకటి సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరు ఫ్యాక్టరీల పొరుగునే ఉంది.

ఆ చోటు ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ. అది 1972లో ఏర్పడింది. మన్మూల్, కాచిరెడ్డిపల్లి అనే రెండు ఊళ్లను ఖాళీ చేయించి, దాదాపు 1,400 హెక్టార్లు కేటాయించారు. ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఒక్కచోటే దొరకడం ఈ స్థలానికి కలిసొచ్చింది. అయితే అసలు కథ అంతకుముందే, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో మన దేశంలో సాగిన జొన్న సేకరణతో మొదలైంది. అప్పుడు 16,138 నమూనాలకు ‘ఐ.ఎస్.’ నంబర్లు వేశారు. 1974లో రాజేంద్రనగర్ నుంచి పటాన్‌చెరుకు చేరినవి మాత్రం 8,961. మిగిలిన 7,177 సరైన నిల్వ వసతి లేక మొలకెత్తే శక్తిని కోల్పోయాయి. నంబర్లు మిగిలాయి, గింజలు చచ్చిపోయాయి. అమెరికాలో దాచిన జోడీ నమూనాలతో కొంత లోటు పూడ్చారు కానీ పూర్తిగా కాదు. జన్యు వైవిధ్యం అనగానే అందరూ డీఎన్‌ఏ గురించే మాట్లాడతారు. నా మట్టుకు నాకు ఈ శాస్త్రాన్ని మలుపు తిప్పింది ఆ 7,177 అనే అంకె.

జన్యు బ్యాంకు 1979లో వచ్చింది. రోజువారీ పంపిణీకి 4 డిగ్రీల గదులు, దీర్ఘకాల నిల్వకు సున్నాకు 20 డిగ్రీలు దిగువన ఉండే గదులు. గింజను నెమ్మదిగా ఆరబెట్టి, తేమ బాగా తగ్గాకే లోపల పెడతారు. చలి ఒక్కటే చాలదు. అప్పుడప్పుడూ మొలక శాతం చూసి, అది పడిపోతే మళ్లీ విత్తి కొత్త గింజ తీయాలి. ఇక్కడే తిప్పలు. జొన్న కంకి పూతకు రాకముందే కాగితపు సంచి తొడగాలి, లేదంటే పక్క మడి పుప్పొడి వచ్చి పడుతుంది. కందికి తేనెటీగల బెడద, అందుకని వల కట్టాలి. ఒక్క ఏడాది ఏమరుపాటుగా ఉంటే ఇథియోపియా రకం కాస్తా ఇంకో రకంతో కలిసిపోతుంది.

సేకరణ కూడా కూర్చుని చేసే పని కాదు. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు కె.ఇ. ప్రసాదరావు, మెలాక్ మెంగేషా ఇథియోపియాలోని గాంబెలా ప్రాంతానికి వెళ్లి జెరా-జెరా జొన్నలు సేకరించారు. మంచి గింజ నాణ్యత ఉన్న ఆ రకాలను తర్వాత జొన్న ప్రజననంలో విరివిగా వాడారు. సేకరించిన ఊరు, నేల, స్థానిక పేరు రాసిపెట్టుకోకపోతే గింజ అనాథే. ఎంత గొప్ప సీక్వెన్సింగ్ యంత్రమైనా అది ఏ చేలో పుట్టిందో చెప్పలేదు.

నిల్వ కుదిరాక ఇంకో చిక్కు వచ్చింది. ఇంత సరుకులో తెగులును తట్టుకునే రకాన్ని ఎక్కడని వెతకాలి? మొత్తంలోంచి కొద్ది నమూనాలు ఎంచుకుంటే వైవిధ్యంలో చాలా భాగం చేతికొస్తుందన్న శాస్త్రవేత్త ఫ్రాంకెల్ ఆలోచన 1984 నాటిది. కానీ పదో వంతు తీసుకున్నా ఇక్కడ వేలల్లోనే ఉంటుంది. 2001లో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు హరిదేవ్ ఉపాధ్యాయ, రోడోమిరో ఒర్టిజ్ మరో మెట్టు దిగారు. 16,991 శనగ నమూనాల్లోంచి 1,956, వాటిలోంచి 211 ఏరి ‘మినీ కోర్’ అన్నారు. 211 మడులంటే ఒక పరిశోధకుడు ఒక సీజన్‌లో కళ్లారా చూసుకోగలిగినవి. వేరుశనగకు ఆ సంఖ్య 184, కందికి 146. పెద్ద సేకరణ నిజంగా అక్కరకు రావడం అప్పటినుంచే.

డీఎన్‌ఏ కథ తర్వాత వేగంగా నడిచింది. 2011లో ‘ఆశ’ అనే కంది రకం జన్యుక్రమం, 2013లో శనగది వెలువడ్డాయి. 2021లో శాస్త్రవేత్త రాజీవ్ వార్ష్నే బృందం 3,366 శనగ నమూనాలను చదివింది. వాటిలో అడవి శనగలు 195. సాగులోకి వచ్చే క్రమంలో శనగ వైవిధ్యం ఎంత కుంచించుకుపోయిందో ఆ లెక్కల్లో కనబడింది. పోయినవాటిని వెతకడానికి ఇప్పుడు మళ్లీ ఆ అడవి బంధువుల దగ్గరికే వెళ్తున్నారు.

ఇదే జిల్లాలో, జహీరాబాద్ పక్కన పస్తాపూర్ కేంద్రంగా, 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు విత్తనాన్ని ఇంకో తీరున కాపాడుతున్నారు. పేడ అలికిన బుట్టలో గింజ పోసి, బూడిద, వేపాకు కలిపి మూత అలికేస్తారు. విత్తనం అప్పుగా తీసుకున్నవాళ్లు పంట వచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ కొలిచి ఇవ్వాలి. చలిగదిలోని గింజ నిల్వ పెట్టిన ఏడు దగ్గరే ఆగిపోతుంది. బుట్టలోది ఏటా చేలోకి దిగి, ఎండకూ వానకూ తట్టుకుంటూ మారుతుంది. రెండూ కావాలి, ఒకటి ఉందని రెండోదాన్ని చిన్నచూపు చూడడం తగదు. రొట్టెకు ఏ జొన్న సాగుతుంది, గటకకు ఏది బాగుంటుంది, ఏ చొప్పను పశువులు మిగల్చకుండా తింటాయి అన్నవి డీఎన్‌ఏ వరుసలోంచి అంత తేలిగ్గా చదవలేం. బుట్టకు గింజ ఎంచే ఆడవాళ్లు ముందు చూసుకునేవి అవే.