ఈయని సన్మానము

గూడూరు ప్రాంతమువారికి మొవ్వ గ్రామమును గూర్చి నేను క్రొత్తగా చెప్పవలసినది లేదు. మువ్వగోపాల ముద్రతో పదములు రచించిన క్షేత్రయ్య పదునేడవ శతాబ్దివాడు. 1673 వఱకు తంజావూరు నేలిన విజయరాఘవ నాయకుడు ఆయన నాదరించెను. పదకర్త కింత గౌరవ మేల యని ఆస్థానకవులు కొందఱు తగవు పెట్టిరని పెద్దలు చెప్పుదురు. అంతట క్షేత్రయ్య కాంభోజి రాగమున నొక పదము చేసి, చివర కొంత విడిచి, దానిని పూరింపుడని వారికిచ్చి యాత్రకు వెడలెనట. తిరిగివచ్చువఱకు నెవరికిని పూరణము కుదురలేదట. ఇది పరంపరగా వచ్చిన కథయే కాని, యందలి ప్రశ్న పాతబడలేదు. సంగీతరచనను తూచు త్రాసు ఎవరి చేతిది?

అమెరికాలో పులిట్జర్ బహుమానమును సంగీతరచనకు 1943 నుండి ఇచ్చుచున్నారు. 1965లో ఆ యేటి రచన యేదియు దానికి తగదని నిర్ణేతలు మువ్వురును తలచిరి. అందుకు మారుగా, నల్లజాతి సంగీతకర్త డ్యూక్ ఎలింగ్టనుకు ఆయన జీవితకాలపు కృషికై ప్రత్యేక ప్రశంస నొసగుడని సిఫారసు చేసిరి. పైసంఘము త్రోసివేసెను. ఆ యేడు సంగీతబహుమానమే లేకపోయెను. నిర్ణేతలలో ఇద్దఱు రాజీనామా చేసిరి.

తగిన రచన లేనప్పుడు బహుమానము నాపుట తప్పు కాదు. 1953లోను, 1964లోను, 1981లోను కూడ నెవరికిని ఈయలేదు. కాని 1965లో తగినవాడు కలడని నిర్ణేతలే చెప్పిరి. ఎలింగ్టను జాజ్ సంగీతము విందుశాలలలోను నాట్యశాలలలోను పెరిగినది; దానిని శాస్త్రీయసంగీతముతో సమానముగా నెంచుటకు నాటి పెద్దలు పలువురు వెనుదీసిరి. జాజ్ రచన కా బహుమానము మొదట 1997లో వచ్చెను. ఎలింగ్టనుకు ప్రత్యేక ప్రశంస 1999లో, అనగా ఆయన గతించిన యిరువదియైదేండ్లకు, లభించెను.

మన యింటి సంగతియు నిట్టిదే. క్షేత్రయ్య పదములను దేవదాసీలు కంఠమున నిలిపిరి. ఆ శృంగారమును, ఆ స్త్రీలను గూడ, మర్యాదస్థులు దూరముంచిరి. పదములకు నిధి యనదగిన వీణ ధనమ్మాళ్ 1938లో గతించెను. మదరాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు ఒక స్త్రీకి మొదట లభించినది 1968లో. ధనమ్మాళ్ మనుమరాలు బృందకు 1976లో వచ్చెను.

క్షేత్రయ్య నాలుగువేలకు పైగా పదములు రచించెనని ప్రతీతి. నేడు దొరకునవి నాలుగువందలకు లోపు. అన్నియు నిరాదరణముననే పోయెనని చెప్పజాలము. కాని గౌరవము లేనిచోట వ్రాసి దాచువారును తక్కువగుదురు. సన్మానము తప్పినందున కర్త చిన్నవాడు కాడు, నష్టము తరువాతివారిది.

కావున మీ యూర నొక వృద్ధురాలికి పాత పదమో, యక్షగానపు దరువో వచ్చునేని, సభవారి బిరుదుకై వేచియుండక నేడే కూర్చుండి వ్రాసికొనుడు. ఆమెకు మన మీయగల సన్మాన మదియే.