మద్రాసు హైకోర్టు భవనం

మద్రాసు హైకోర్టు భవనం చెన్నైలో సెయింట్ జార్జి కోటకు ఉత్తరాన, ప్యారీస్ కార్నర్‌కు చేరువలో ఉన్న ఎర్ర ఇటుకల న్యాయస్థాన సముదాయం. హిందూ, మొగలు వాస్తురీతుల గుమ్మటాలను, మినార్లను, తోరణాలను తెచ్చి ఐరోపా పద్ధతి కట్టడానికి అమర్చే ఇండో-సారసెనిక్ శైలికి ఇది మేలైన ఉదాహరణ.

ఈ స్థలంలో మొదట చెన్నకేశవ పెరుమాళ్ ఆలయమూ, దానిచుట్టూ ఆంగ్లేయులు బ్లాక్ టౌన్ అని పిలిచిన దేశీయుల పేటా ఉండేవి. 18వ శతాబ్ది మధ్యలో ఫ్రెంచివారితో జరిగిన యుద్ధాల దరిమిలా కోట ముందు మైదానం ఖాళీగా ఉండాలని వాటిని తొలగించగా, ఆలయాన్ని తరువాత పూలబజారు ప్రాంతంలో తిరిగి నిర్మించారు. ఉత్తరాన తిరిగి వెలసిన దేశీయుల పేటకే 1911లో అయిదవ జార్జి పేరిట జార్జిటౌన్ అనే పేరు వచ్చింది.

1862లో ఏర్పడిన హైకోర్టు తొలి దశాబ్దాల్లో సముద్రతీర వీధిలోని మరొక భవనంలో నడిచేది. కొత్త భవనానికి జె. డబ్ల్యు. బ్రాసింగ్టన్ తొలి నమూనాలు గీయగా, మద్రాసు ప్రభుత్వ వాస్తుశిల్పి హెన్రీ ఇర్విన్ వాటిని విస్తరించి, జె. హెచ్. స్టీఫెన్స్ సహాయంతో 1888లో పని ఆరంభించాడు. సిమ్లాలోని వైస్రాయి నివాసాన్నీ, తరువాత మైసూరు రాజప్రాసాదాన్నీ రూపొందించినవాడు ఇర్వినే. కట్టడం గుత్తేదారు తాటికొండ నంబెరుమాళ్ శెట్టి తెలుగు వైశ్యుడు. నగరంలోని కన్నెమరా గ్రంథాలయం, మ్యూజియం వంటి భవనాలెన్నో ఆయన చేతిమీదుగా వెలసినవే. 1892 జూలై 12న గవర్నరు వెన్‌లాక్ ప్రధాన న్యాయమూర్తి ఆర్థర్ కాలిన్స్‌కు భవనాన్ని అప్పగించాడు. రంగు గాజు కిటికీలు, చెక్కడపు పనితనం గల పైకప్పులు, పొడవైన వసారాలు దీనికి గంభీరమైన శోభనిచ్చాయి.

ఆవరణలో 1844 నాటి గ్రానైటు దీపస్తంభం ఇప్పటికీ ఉన్నది. 1894లో దాని దీపాన్ని భవనపు ప్రధాన గుమ్మటంపైకి మార్చడంతో న్యాయస్థానమే ఓడలకు దారిచూపే దీపగృహమయింది. ఈ ఏర్పాటు 1977లో మెరీనా తీరాన కొత్త దీపగృహం వెలిగేదాకా సాగింది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మను యుద్ధనౌక ఎమ్డెన్ పేల్చిన గుండ్లలో ఒకటి ఆవరణ గోడకు తగిలింది. ఆ చోట ఫలకం ఉంచారు.

కోస్తా, రాయలసీమ జిల్లాల వ్యాజ్యాలు చిరకాలం ఇక్కడికే వచ్చేవి. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన తరువాత 1954 జూలై 5న గుంటూరులో వేరే హైకోర్టు నెలకొనగా, మద్రాసులో న్యాయమూర్తిగా ఉండిన కోకా సుబ్బారావు దాని మొదటి ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు.